గోడవైపు పెట్టిన పేర్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని మా పాత ఆఫీసు వాళ్లు నన్ను పిలిచారు. పూలగుత్తి ఇచ్చారు, శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. శిలాఫలకాల గురించి మొదలుపెట్టాను. పది నిమిషాలు కాకముందే ఒక పెద్దమనిషి నవ్వుకుంటూ వచ్చి, "మేడం, లంచ్ టైం అయింది" అని మైకు తీసుకున్నాడు. అప్పటికి గడియారంలో పదకొండున్నర. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసు పేరు మాత్రం రాయను. రాస్తే ఆ ఒక్క ఆఫీసే పాపం చేసిందనుకుని మిగతావాళ్లు హాయిగా చేతులు దులుపుకుంటారు.

నా పేరు సువర్ణ. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. బట్ట మీద సుద్దముక్కతో గీతలు గీసీ గీసీ నా చెయ్యి కుదిరింది. ఆ చెయ్యి చూసే నన్ను ట్రేసర్‌గా తీసుకున్నారు. ఇంజనీర్లు గీసిన డ్రాయింగు మీద పలచటి కాగితం పెట్టి నకలు దించే ఉద్యోగం అది. తర్వాత డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాను. కంప్యూటర్లు వచ్చాక నా గీతలతో పనిలేకపోయింది. అక్షరాలు గుండ్రంగా రాస్తాను కాబట్టి శిలాఫలకాలు నాకు అప్పగించారు. రిటైరయ్యేదాకా అదే పని. బండ మీద ఎవరి పేరు ఎక్కడుండాలో కాగితం మీద వేసి ఇవ్వడం, చెక్కేవాడి దగ్గర చెక్కించడం, గోడకు పెట్టించడం.

ఈ పని అసలు ఏమిటంటే

రోడ్డు వేయాలంటే కంకర కావాలి అనుకుంటారు మీరు. ముందు బండ కావాలి. డ్రైనేజీ పైపు రాకముందు బండ వస్తుంది. పైపు రాకపోయినా బండ ఉంటుంది. పని ఎంత చిన్నదైతే బండ అంత పెద్దది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, కొలతలు వేసిన మనిషిగా అంటున్నాను. బస్సు షెల్టర్ కన్నా దాని శిలాఫలకం ఎత్తుగా ఉండడం నేను ఈ కళ్లతో చూశాను. సరే, కోపంతో కూడా అంటున్నాను.

పేర్ల వరుసకు ప్రోటోకాల్ అని ఒకటుంది. ముఖ్య అతిథి పైన, అధ్యక్షత వహించినవారు తర్వాత, ఆపైన గౌరవ అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు. గౌరవానికీ విశిష్టానికీ తేడా ఏమిటో నన్నడగొద్దు. ఒకసారి ఒక నాయకుడి పేరు మూడో వరుసకు బదులు నాలుగో వరుసలో పడింది. పరదా లాగారు, ఆయన చూశాడు, మొహం ముడుచుకుని కారెక్కి పోయాడు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మేం ఈఈ గారంటాం, కోస్తా వైపు మనిషి. తెల్ల చొక్కా అంతా చెమటతో తడిసి, "ఏంటండీ సువర్ణ గారూ, నన్ను ట్రాన్స్‌ఫర్ చేయిద్దామనా?" అన్నాడు. ఆ బండ పెట్టిన గోడ వెనకే అదే నెలలో మురుగునీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. దానికి ఎవరి చొక్కా తడవలేదు.

ఇక మా బండల బతుకు చూడాలంటే అమీర్‌పేట సందుల్లో తిరగండి. వాటి మీద జావా కోర్సు పోస్టర్, దాని మీద లేడీస్ హాస్టల్ పోస్టర్, దాని మీద మిర్చి బజ్జీల బండివాడి తడిగుడ్డ. ఎవరూ చదవరు. చదివే మనుషులు నాకు ఒకే ఒక్క బండ దగ్గర కనిపించారు. ఆ బండ గురించే ఇదంతా.

నలుగురి బండ

అమీర్‌పేట వెనక సందుల్లో ఒక పెద్ద కాలువ తవ్వారు. లోతెక్కువ, పక్కన మట్టి జారకుండా పెట్టాల్సిన పలకలు పెట్టలేదు. ఒక మధ్యాహ్నం అంచు కూలింది. నలుగురు లోపలే ఉండిపోయారు. బోరబండ నుంచి రోజుకూలీకి వచ్చినవాళ్లు. కాంట్రాక్టరు మనుషులు కాబట్టి మాకు సంబంధం లేదని మా ఆఫీసు నోరు కట్టేసుకుంది. చచ్చినోడి కళ్లు చారెడంటారు. వీళ్లకు ఆ పాటి పొగడ్త కూడా దక్కలేదు.

వాళ్లతో పనిచేసినవాళ్లే తలా కొంచెం వేసుకుని ఒక నల్లబండ కొన్నారు. కాలువ పక్కన పార్కు గోడకు పెట్టుకుంటామంటే మా వాళ్లు, ఏ కళనున్నారో, సరే అన్నారు. చెక్కింది యాదగిరి. పంజాగుట్టలో శ్మశానానికి పోయే దారిలో ఆయన దుకాణం. ఒక పక్క సమాధి రాళ్లు, ఒక పక్క మా శిలాఫలకాలు. ఆయన ఆ నలుగురి బండకు కూలి తీసుకోలేదు. అక్షరాలు వేసివ్వమని నన్ను పిలిచాడు.

కూలీలు ఏడెనిమిది మంది చుట్టూ నిలబడ్డారు. నేను అలవాటు కొద్దీ అడిగాను.

"ఎవరి పేరు ముందు రాయాలె? అందట్ల పెద్దాయన ఎవరు?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మేస్త్రి చెప్పాడు. "కిష్టయ్య అందరికన్న లోపట ఉండె మేడం. ఆయనది ముందు రాయున్రి. ఆయన మీద నర్సింలు, ఆపైన ఎల్లయ్య. సత్తయ్య ఒడ్డుకే ఉండె, జర అయితే ఎక్కుతుండె. ఆయనది ఆఖరు."

ఎవరు ఎంత లోతున ఉంటే వాళ్ల పేరు అంత ముందు. నా సర్వీసు మొత్తంలో అర్థమున్న ప్రోటోకాల్ అదొక్కటే. నాలుగు పేర్లు, కింద ఒక వరుస: "ఈ కాలువ తవ్వుతూ మట్టిలో పోయినారు." అంతే.

ఓట్లు వచ్చినప్పుడు

ఎన్నికల కోడ్ వస్తే నాయకుల పేర్లున్న బండలన్నీ కప్పేయాలి. ఎక్కడెక్కడ బండలున్నాయో జాబితా నాదే, అంటించే మనుషులు వేరు. పేర్లు కనపడ్డ ప్రతిదానికీ పేపర్ అంటించుకుంటూ పోయారు. మరునాడు సరిచూద్దామని నేను తిరుగుతుంటే, పార్కు గోడ దగ్గర ఒకావిడ గోళ్లతో పేపర్ గీకుతోంది. మా సూపర్‌వైజర్ ఆమె మీద అరుస్తున్నాడు.

"ఏయ్, తియ్యకు! కేసు అయితది!"

ఆమె వెనక్కి తిరగలేదు. గీకుతూనే నన్ను అడిగింది. "మేడం, మా ఆయన ఓట్లకు నిలవడ్డడా?"

ఆమె బాలమణి. కిష్టయ్య భార్య. అమీర్‌పేటలోనే ఒక లేడీస్ హాస్టల్లో వంటపని చేస్తుంది. కూరగాయలకు పోయేటప్పుడు ఆ దారిన వచ్చి, బండను కొంగుతో తుడిచి పోతుందట. చదువు రాదు. మొదటి వరుస తన మొగుడిదని తెలుసు, వేలితో ఆ అక్షరాలు తడుముకుంటూ పోతుంది. కిష్టయ్య ఫొటో వాళ్లింట్లో ఒక్కటీ లేదు. రేషన్ కార్డులో ఉన్నది కూడా వానకు తడిసి పోయింది. ఆయన ఈ ఊళ్లో బతికాడనడానికి మిగిలింది ఆ వరుస ఒక్కటే.

నాకు ఒళ్లు మండింది. సూపర్‌వైజర్‌ను నాలుగు తిట్టి, మిగతా పేపర్ నేనే చింపాను. ఆ రోజు ఇంటికి వెళ్తూ నేను చాలా మంచిదాన్ని అనుకున్నాను. అదీ నా మొహం.

తర్వాత అనే మాట

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది చదవకుండా దాటేసేవాళ్లు మొత్తం చదవకపోయినా ఫర్వాలేదు.

పార్కు కొత్తగా చేస్తామని గోడ కూల్చారు. నలుగురి బండను ఊడదీసి మా స్టోర్‌లో పాత బండల మధ్య పడేశారు. పార్కు తయారైంది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ల తేదీ హఠాత్తుగా ఖరారైంది, మరునాడు పొద్దున పదింటికి. ఈఈ గారు నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "ఏంటండీ, ఇంకా బండ రెడీ కాలేదా? రేపు పరదా వెనక ఏం పెడతారు, మిమ్మల్నా నన్నా?"

యాదగిరి దగ్గర ఆ సైజు బండ లేదు. మా పనిలో అలాంటప్పుడు ఒక దారి ఉంది. పాత బండ తెచ్చి తిరగేయడం. వెనక వైపు మిషను పెట్టి నునుపు చేసి కొత్త పేర్లు చెక్కుతారు, పాత పేర్లు గోడవైపు పోతాయి. ఊళ్లో మీరు చూసే బండల వెనక ఎన్ని పేర్లున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఓడిపోయిన నాయకుల పేర్లు, ఆగిపోయిన పథకాల పేర్లు. దాన్ని నేనెప్పుడూ తప్పనుకోలేదు. స్టోర్ వాళ్లకు ఫోన్ చేసి, సరిపోయే బండ ఒకటి యాదగిరికి పంపమన్నాను.

గంట తర్వాత యాదగిరి ఫోన్.

"అక్కా, గిది మనోళ్ల బండ. గా నలుగురిది."

నేను గోడ మీద గడియారం చూస్తున్నాను.

"అక్కా, ఇంటున్నవా? ఏం జెయ్యమంటవ్?"

"రేపు పదింటికి ప్రోగ్రాం ఉన్నది యాదగిరీ. ఇప్పటికైతే కానియ్యి. వాళ్లకు తర్వాత కొత్తది చేపిద్దాం."

"తర్వాత అంటే?"

"తర్వాత అంటే తర్వాతనే! నాకు గిక్కడ తల తిరుగుతుంది" అని ఫోన్ పెట్టేశాను.

నన్ను ఎవరూ బెదిరించలేదు. ఉద్యోగం పోయేది కాదు. ఈఈ గారికి ఆ బండ సంగతే తెలియదు. ఆయన మీదికి నెట్టేస్తే నాకు సుఖంగా ఉండేది, కానీ అది అబద్ధం. పని అయిపోతే చాలనుకున్నాను. అంత చిన్న కారణం. మరునాడు పరదా లాగారు, చప్పట్లు కొట్టారు, వరుస తప్పులేదని ఈఈ గారు నన్ను మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా స్వీటు కూడా తిన్నాను.

బాలమణి వచ్చింది

కిష్టయ్య పోయిన రోజున బాలమణి బంతిపూల దండ, ఒక బీడీల కట్ట తీసుకుని పార్కుకు వెళ్లింది. గోడ కొత్తది. బండ ఉంది, మొదటి వరుస మీద వేలు పెట్టి చూసింది. అక్షరాలు వేరు. ఆ దండతోనే మా ఆఫీసుకు వచ్చింది.

"మేడం, మా బండ ఏడ వెట్టిండ్రు?"

"స్టోర్ల ఉన్నదమ్మా. పెడతం" అన్నాను.

నమ్మింది. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు, హాస్టల్లో సెలవడిగితే తిట్టారని, అందుకే గిన్నెలు తోమి పరుగెత్తుకొచ్చానని చెప్పింది. ఆమె చేతులకు ఇంకా తోమిన బూడిద ఉంది, కొంగులో మళ్లీ ఒక దండ, బీడీల కట్ట ఉన్నాయి. ఇక నా నోట అబద్ధం రాలేదు. పార్కుకు తీసుకెళ్లి, బండ ముందు నిలబెట్టి చెప్పాను. పేరు ఎక్కడికీ పోలేదని, ఇది ఆ బండేనని, పేరు వెనకవైపు ఉందని.

"ఎనుకంటే? గోడ దిక్కా?"

"అవునమ్మా."

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. గోడకూ బండకూ మధ్య సందులో వేలు పెట్టి చూసింది.

"అప్పుడు మట్టిల వెట్టిండ్రు. గిప్పుడు సిమెంట్ల వెట్టిండ్రా?"

దండ అక్కడే పెట్టి పోయింది. బీడీల కట్ట మాత్రం తిరిగి తీసుకుపోయింది.

కొత్త బండ కథ

ఈఈ గారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. మన ఆఫీసుల్లో చెడ్డవాళ్ల కన్నా భయస్తుల చేతనే ఎక్కువ నష్టం జరుగుతుంది. "పెద్దవాళ్ల పేర్లున్న బండ పీకితే నన్నెవరు కాపాడతారండీ? కావాలంటే వేరే బండ వేద్దాం, ఫైలు పెట్టండి" అన్నారు.

పెట్టాను. నాలుగు పేర్లు, ఆ ఒక్క వరుస. కాగితం పైకి వెళ్లి తిరిగి వచ్చింది. స్మారక ఫలకమైతే ఆవిష్కరణ ఉండాలట. ఆవిష్కరణ ఉంటే అతిథులుండాలి. అతిథులుంటే ప్రోటోకాల్. పదకొండు మంది పెద్దల పేర్లు చేర్చారు. చోటు చాలక నలుగురి పేర్లు తీసేసి, అట్టడుగున "నలుగురు కార్మికుల స్మృత్యర్థం" అని పెట్టారు. "మట్టిలో పోయినారు" అన్నది కొట్టేశారు, దాని వల్ల ప్రశ్నలు వస్తాయట.

నా ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఆఫీసు గదిలో గొంతు పెంచాను. "సచ్చినోళ్ల బండ మీద బతికినోళ్ల పేర్లు పదకొండా సార్? సచ్చినోళ్ల పేరు ఒక్కటి లేదా?" అన్నాను. పక్క గదివాళ్లు తొంగిచూశారు. నేను అక్షరాలు వేసివ్వనన్నాను. సరే, వద్దులెండి అన్నారు. అంత తేలిగ్గా వదిలేశారు. ఎవరికీ అవసరం లేని బండ కదా! అలాగే రిటైరయ్యాను. నా శాలువా మీద జరీ బాగుంది.

మళ్లీ అదే బండ

ఆ పెద్దవాళ్లు పోయి వేరే పెద్దవాళ్లు వచ్చారు. పార్కులో నాలుగు బెంచీలు కొత్తగా వేసి మళ్లీ ప్రారంభోత్సవం పెట్టారు. పాత బండ పీకి యాదగిరికి పంపారు. మళ్లీ హడావిడి, మళ్లీ పొద్దున పదింటికే ప్రోగ్రాం. ఈసారి ఆయన నాకు ఫోన్ చేసి అడగలేదు, చెప్పాడు.

"అక్కా, బండ మళ్లొచ్చింది. గా నాలుగు పేర్లు గీకి కొత్తయి చెక్కుమంటున్నరు. నేనైతే చెయ్య. నువ్వు రా."

నేను బోరబండ వెళ్లి బాలమణిని తీసుకుని పంజాగుట్టకు వచ్చాను. బండ దుకాణం ముందు నేల మీద పడుకోబెట్టి ఉంది, నలుగురి పేర్లు పైకి. అక్షరాల్లో సిమెంటు గడ్డకట్టింది. బాలమణి గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, మొదటి వరుసలో సిమెంటు తవ్వడం మొదలుపెట్టింది. యాదగిరి ఉలి ఇస్తే తీసుకోలేదు.

ఇంతలో బండ కోసం కొత్త అసిస్టెంట్ ఇంజనీర్ వచ్చాడు.

"ఏందన్నా, ఇంక షురూ చెయ్యలే? అమ్మా, జర లేవండి. గవర్నమెంట్ ప్రాపర్టీ అది."

"గవర్నమెంట్ ఎప్పుడు కొన్నది బాబూ?" అన్నాను.

"మీరెవరు?"

"గా పార్కు బండ మీద అక్షరాలు వేసింది నేనే. గీ నలుగురి పేర్లు వేసింది సుత నేనే."

యాదగిరి అందుకున్నాడు. "నా తాన గీ బండ కొన్నది కాలువ తవ్వినోళ్లు సార్. మీ ఆఫీసు కాదు."

అతను వాచీ చూసుకున్నాడు. నేను పెద్ద గొడవకు సిద్ధమై ఉన్నాను. ఏళ్ల నుంచి దాచుకున్న తిట్లన్నీ నాలుక మీదికి వచ్చాయి.

"నాకు ఏదైనా ఒక్కటే మేడం. పదింటికి బండ ఉండాలె, గంతే" అన్నాడు.

యాదగిరి లేచి అదే వరుసలో నాలుగు దుకాణాలు నడిచాడు. అక్కడ ఆ సైజు బండ దొరికింది. పావుగంట పని. అంతే, సమస్య తీరిపోయింది.

వినండి పిల్లలూ. మొదటిసారి ఫోన్ వచ్చిన రోజే ఆ నాలుగు దుకాణాలు యాదగిరిని నడిపించి ఉంటే సరిపోయేది. "పక్కన అడుగు యాదగిరీ" అని ఒక్క మాట అంటే చాలు. నేను అనలేదు. వ్యవస్థ, ప్రోటోకాల్, పెద్దవాళ్లు అంటూ ఇన్ని పేజీలు తిట్టాను కదా, అవన్నీ నిజమే. కానీ బాలమణి మొగుణ్ని గోడవైపు తిప్పింది మాత్రం నా బద్ధకం. మీ దగ్గరికీ ఇలాంటి ఫోన్ వస్తుంది. బండ అవతలి వైపు చదివి ఒకడు మీకు ఫోన్ చేస్తాడు. అప్పుడు "తర్వాత" అన్నారో, మీ మొహం నాకు చూపించకండి.

బోరబండలో

బండను ట్రాలీ ఆటోలో ఎక్కించి బోరబండకు తీసుకుపోయాం. నర్సింలు తమ్ముడు, సత్తయ్య కూతురు వచ్చారు. ఎల్లయ్య వాళ్లు ఊరు వదిలి పోయారట, ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. బాలమణి వాళ్ల గల్లీ మొదట్లో కుళాయి పక్కన గోడకు పెట్టాలని అనుకున్నారు. నీళ్లకు వచ్చేవాళ్లంతా చూస్తారని. పరదా లేదు, అతిథులు లేరు. మేస్త్రి సిమెంటు కలిపాడు.

బండ నిలబెట్టి పట్టుకున్నప్పుడు వెనక వైపు బాలమణికి కనిపించింది. మా పాత పెద్దల పేర్లు, గౌరవ, విశిష్ట, ఆత్మీయ, అన్నీ బంగారు రంగులో. ఆమె మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపింది.

"జర ఆగు అన్నా. మేడం, గీ దిక్కు సుత మస్తు మంది పేర్లున్నయి."

"ఉన్నయమ్మా."

"గోడల పోతయి గద. వాళ్లింటోళ్లు ఎవరన్న ఎతుక్కుంట వస్తే?"

ఇన్నేళ్లలో, ఇన్ని బండలు తిరగేశాక, ఈ ప్రశ్న అడిగిన మనిషిని మొదటిసారి చూశాను. నాకు ఏడుపు, కోపం కలిసే వచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

"ఎవరూ రారు బాలమణీ," అన్నాను. "అన్నా, నువ్వు సిమెంటు పెట్టు."